లాంగ్‌బోట్ల పతనం

అంత కళగా సాగిన నౌకాదళాన్ని ఆ ఆటలో నేను మళ్ళీ చూడలేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే కంప్యూటర్ ఆట రెండో భాగం, ద కాంకరర్స్. ఐలాండ్స్ మ్యాప్, హాస్టల్ ల్యాన్. మా సీనియర్ అన్న వైకింగులను తీసుకున్నాడు, ఎదుటివాడు బైజాంటైన్లను. వైకింగులకు యుద్ధనౌకలు చౌక. వాళ్ళకు మాత్రమే ఉండే లాంగ్‌బోట్ ఆరు గళ్ళ దూరం నుంచే బాణాలు గుత్తులుగా వదులుతుంది. ఆటలో మూడో దశ, కాజిల్ ఏజ్‌కి రాగానే అన్న సముద్రమంతా ఏలాడు. ఎదుటివాడి చేపల పడవలు ఒడ్డు విడిచి వచ్చే సాహసమే చేయలేదు.

చేటు ఆ వైభవంలోనే పుట్టింది. గెలుస్తున్న చేతికి మరో ఆలోచన రాదు. అన్న ఓడలు కట్టే డాక్‌లన్నిటిలో లాంగ్‌బోట్లే క్యూ కట్టాయి. అవతలి తీరంలో ఏం తయారవుతోందో చూసి రమ్మని ఒక్క పడవనైనా పంపి ఉంటే!

అక్కడ తయారవుతున్నవి ఫైర్ షిప్పులు. ఒక్కోదానికి 75 కలప, 45 బంగారం. వాటి మంట రెండున్నర గళ్ళకు మించి పోదు. కానీ బాణాలకు చలించని కవచం వాటిది. అందులోనూ బైజాంటైన్ల ఫైర్ షిప్పులు మిగతా వాళ్ళవాటి కంటే వేగంగా మంట చిమ్ముతాయి.

అవి ఒక్క గుంపుగా వచ్చాయి. వందల బాణాలు పడ్డాయి, వాటి పైనున్న, ప్రాణం చూపే పచ్చగీత వెంట్రుకవాసి తరిగింది. వెనక్కి జరిగి కొడుతూ పోతే లాంగ్‌బోట్లు కొన్నయినా దక్కేవేమో. కానీ వెనక ద్వీపం. ముందు వరస తిరగబోయి రెండో వరసకు అడ్డం పడింది, రెండోది ఒడ్డుకు ఒరుసుకుని కదలకుండా నిలిచిపోయింది. మంట ఒక కొస నుంచి మొదలుపెట్టి వరసగా కాల్చుకుంటూ పోయింది.

బైజాంటైన్ల నీళ్ళలో ఇలాంటిది నిజంగానే జరిగింది. 941లో కీవ్ పాలకుడు ఈగోర్, వైకింగుల వంశం వాడే, బైజాంటైన్ల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ మీదికి వచ్చాడు. వెయ్యికి పైగా పడవలతో వచ్చాడని ఆ కాలపు చరిత్రకారుడు లియుట్‌ప్రాండ్ రాశాడు. బైజాంటైన్ చక్రవర్తి రోమనోస్ అసలు నౌకాదళం అప్పుడు దూరాన ఉంది. మూలనపడ్డ 15 పాత ఓడలను బాగుచేయించి, ముందూ వెనకా పక్కలా మంట చిమ్మే గొట్టాలు పెట్టించి పంపాడు. కాలిపోతామని నీళ్ళలోకి దూకినవాళ్ళలో కొందరిని ఒంటిమీది ఇనుప కవచమే ముంచేసింది. ఎంత మంది తల్లుల బిడ్డలో.

అన్న ఓడలకు విరుగుడు అన్న డాక్‌లోనే ఉంది. ఆ ఆటలో వైకింగులకు ఫైర్ షిప్ లేదు గానీ డెమోలిషన్ షిప్ ఉంది: 70 కలప, 50 బంగారం. గుంపుగా వచ్చే ఫైర్ షిప్పుల మధ్యకు దూరి పేలితే ఒక్క దెబ్బకు చుట్టూ ఉన్నవన్నీ దెబ్బతింటాయి. దాన్ని దూరం నుంచి కొట్టి ఆపగలిగేది బాణాల ఓడ. ఎదుటివాడి దగ్గర ఆ పూట అవి లేవు. నాలుగైదు డెమోలిషన్ షిప్పులు ముందు నడిచి ఉంటే ఆ అందమైన దళం నిలిచేది. నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమనేది అక్కడే.

ఈగోర్ 944లో మళ్ళీ దండెత్తి, డాన్యూబ్ దగ్గరే కప్పం పుచ్చుకుని సంధికి ఒప్పుకున్నాడు. అన్నకి ఆ రెండో రాక లేదు. డాక్‌లు పోయాయి. చివరి దశ ఇంపీరియల్ ఏజ్‌లో ఎదుటివాడి ఫిరంగి ఓడలు, కానన్ గాలియన్లు వచ్చి, కోటల బాణాలు అందనంత దూరంలో నిలబడి ఒక్కో గోడనే కూల్చాయి. ఆయన రిజైన్ కొట్టాడు.