తదితరులు

వార్తాపత్రిక పుట్టినది దేశవృత్తాంతమును తెలుపుటకని పెద్దలందురు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గృహములలో మాత్రము జిల్లా పుటను ముందుగా తీసి, మనవారెవరైన పడినారాయని చూచి, ఆ పిమ్మట ఢిల్లీ సంగతికి పోవుట చాలకాలము ఆచారముగ నుండెను. దీనిని అల్పబుద్ధియని హాస్యమాడినవారు కలరు. ఈ యలవాటునకు నూఱేండ్ల పూర్వచరిత్ర కలదనియు, మన సంఘముయొక్క మంచిచెడ్డలు రెండును ఇందు కనబడుననియు మా యభిప్రాయము.

నైజాము రాజ్యమున తెలుగు మాటలాడు జనులు లక్షలకొలది యుండినను, కచేరీలలోను ఉన్నతవిద్యలోను ఉర్దూయే రాజ్యమేలుచుండెను. తెలుగు పత్రిక చదువగోరువారు పైనుండి వచ్చు దానికై ఎదురుచూడవలసి యుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసునుండి దినపత్రికయై వెలువడెను. అందు లోకవార్తలు సమృద్ధిగా నుండెడివి. కృష్ణకు ఈవలి పల్లెల పేర్లు కనబడుట అరుదు. 1922లో ఈ లోటు కొంత తీఱెను. నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరిపత్రికను, ఓరుగల్లు జిల్లా ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెనుగుపత్రికను ప్రకటించిరి. ఒక పల్లెటూర అచ్చుయంత్రమును నిలిపి పత్రిక నడుపుట నేటికిని సులభముగాదు. నాడెంత సాహసమో పాఠకులే యూహింపగలరు. 1926 మే 10వ తేదీన హైదరాబాదున సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండపత్రిక ఆరంభమై వారమునకు రెండుసారులు రాసాగెను.

నైజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని యొకరు వ్రాసిరి. ప్రతాపరెడ్డిగారు వాదముతో సరిపెట్టలేదు. ఊరూర నున్న కవులకు కబురుపంపి, పద్యములను సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 కవులు చేరిరి. లేరనువానికి ఇంతమంది పేర్లను చూపుటకంటె గట్టి ప్రత్యుత్తరమేమి కలదు? తాతయో మేనమామయో తాటియాకులపై వ్రాసికొని అటుకమీద దాచిన పద్యములు అచ్చక్షరములతో ఇంటికి తిరిగివచ్చినప్పుడు ఆ గృహస్థులకు కలిగిన సంతోషము సామాన్యమై యుండదు. పత్రికలో మనవారిని వెదకుకొను అలవాటునకు మన తెలంగాణమున మూలపురుషుడెవరని యడిగిన మేము ప్రతాపరెడ్డిగారి పేరే చెప్పుదుము.

ఐనను పేరెక్కినవారి వెనుక పేరెక్కనివారెందఱు! కోదాడకు సమీపమున చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ జరిగెను. అధ్యక్షులు, వక్తలు చరిత్రలో నిలిచిరి. పందిళ్లు వేసినవారు, బండ్లు తోలినవారు, అంతమందికి అన్నము వండినవారు ఎవరో నేడు చెప్పగలవారు లేరు. ఆ తరువాత సాయుధపోరాటకాలమున పేరు బయటపడుటయే ప్రాణాపాయమయ్యెను. సూర్యాపేట ప్రాంతమునకు చెందిన మల్లు స్వరాజ్యముగారు నాడు రాజక్క యను మాఱుపేరుతో దళములలో తిరిగిరి. 2022 మార్చి 19న ఆమె గతించినప్పుడు ఆమె నిజనామమును ఎల్ల పత్రికలును పెద్దయక్షరములతో ముద్రించినవి.

జిల్లా పుట యనునది ఇటీవలి సృష్టి. 1974లో విశాఖపట్టణమున పుట్టిన ఈనాడు దినపత్రిక 1989లో జిల్లాకొక చిన్న యనుబంధమును జతచేయ నారంభించెను. తక్కిన పత్రికలును క్రమముగా ఆ దారి పట్టినవి. ఇందు వ్యాపారదృష్టియు కలదు. రాష్ట్రమంతట వ్యాపించు పత్రికలో ప్రకటన యిచ్చు శక్తి చీరలయంగడివానికి, ఎరువుల దుకాణదారునకు లేదు. ఒక్క జిల్లాకైన ఇచ్చుకొనగలడు. ఆ ప్రకటనల ప్రక్క నింపుటకు వార్తలు కావలసివచ్చెను. అందుచే చెఱువుకట్ట తెగుట, బడికి గోడ లేకుండుట, గంగిరెద్దులవానికి పాము కఱచుట మొదలైన సంగతులు చరిత్రలో తొలిసారి అచ్చునకెక్కినవి. కారణము లాభమే యైనను ఫలితము మేలే యని మేమనుకొందుము.

మా బాల్యమున సూర్యాపేట బస్టాండుకడ తెల్లవాఱకముందే పత్రికల కట్టలు దిగెడివి. ఊరు హైదరాబాదునుండి బెజవాడకు పోవు మార్గముపై నుండుట మాకు లాభించెను. కోదాడయు ఆ బాటమీదిదే. మిర్యాలగూడ ఆ బాటకు దూరమగుటచే అచట మా మేనత్తగారింటికి పత్రిక ప్రొద్దెక్కిన పిదప వచ్చెడిది; సెలవులకు పోయినప్పుడు ఆ నిరీక్షణ మాకు దుర్భరముగ తోచెడిది. ఇంట మా తాతగారు అక్షరముల క్రింద వ్రేలు పెట్టి జిల్లా పుట నంతయు పైకి చదివెడివారు. మృతుల వార్తలు మొదట, సభలు పిదప, ధాన్యపు ధరలు చివర. నడుమ హఠాత్తుగా ఆగి, “అరే, గీయన మన కోదాడ చిన్నాయన వియ్యంకుడు గాదుర!” అనెడివారు. మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె పొయ్యికడనుండియే “ఎవలు? ఎవలు?” అని యడిగెడిది. ఆ చుట్టము ఎవరికి ఏమగునో తేల్చునది మాత్రము ఆమెయే.

పదవతరగతి ఫలితములు వచ్చిన దినమున ఆ పత్రికకు కలిగిన గౌరవము నేటి పిల్లలకు చెప్పినను తెలియదు. పేర్లుండవు, చీమలబారువలె హాల్‌టిక్కెట్టు సంఖ్యలు మాత్రమే. మా యన్నగారి సంఖ్యకు ఎఱ్ఱసిరాతో చుట్టుగీచి, ఆ పుటను పెట్టెమూత లోపల అంటించిరి. ఏడంకెల సంఖ్యయు ఆ యింట నొక మనుష్యుని పేరయ్యెను.

ఒకసారి మా చిన్నాయన బడి భవన ప్రారంభోత్సవమునకు పోయి, మఱునాడు పత్రిక రెండు ప్రతులు కొనితెచ్చెను. వార్తలో ఎమ్మెల్యేగారు, మండలాధ్యక్షులు, సర్పంచి, ఉపసర్పంచి వరుసగా నుండిరి. కడపట “తదితరులు పాల్గొన్నారు” అని యుండెను. “నువ్వేడున్నవుర?” అని తాతగారడిగిరి. “తదితరుల్ల ఉన్న” అని చిన్నాయన బదులుచెప్పెను. ఇంటిల్లపాది పకపక నవ్విరి. తాతగారు నవ్వక కత్తెర తెమ్మనిరి.

తత్, ఇతర యను రెండు సంస్కృతపదముల కలయిక యిది. వారుగాక తక్కినవారని యర్థము. వ్యాకరణమున నిర్దోషమైన మాటయే. కాని జిల్లా పుటలో ఈ మాటకు పైన నుండువారెవరు, లోన మునుగువారెవరు అని ముప్పదియేండ్లుగా చూచుచున్న మాకు అందొక వర్ణక్రమము కనబడుచున్నది. ఊరి విలేకరి, మనవారు కంట్రిబ్యూటరు అందురే, ఆతనికి ముట్టునది స్వల్పము. పండుగలకు ప్రకటనలు సంపాదించు భారముగూడ చాలచోట్ల ఆతనిపైననే పడుచున్నది. ప్రకటన యిచ్చినవాని పేరును వార్తలో మఱచుట ఆతనికి సాధ్యమా? ఆతని నొక్కని నిందించుట అన్యాయము. దళితవాడలవారి పేర్లు బారులుబారులుగా వచ్చు దినములును కలవు. అవి లారీ బోల్తాపడిన మఱునాడో, వడదెబ్బకు కూలీలు రాలిన మఱునాడో వచ్చు దినములు. బ్రతికియున్నప్పుడు తదితరులు, చచ్చినప్పుడు పేరు, వయస్సు, ఊరు!

స్త్రీల సంగతి మఱింత విచిత్రము. సన్మానసభలలో వారు ఫలానావారి సతీమణులు. లండను టైమ్సు పత్రిక 1966 వరకు మొదటి పుటలో వార్తలు వేయక ప్రకటనలే వేయుచు, జనన వివాహ మరణములను ప్రకటించుచుండెను. అచట ఆడుదానికి పుట్టుకనాడైన నొక పంక్తి దక్కెడిది. మా నాయనమ్మ పేరు మేము అచ్చులో మొదటిసారి చూచినది ఆమె దశదినకర్మనాటి శ్రద్ధాంజలి ప్రకటనలో. నలువది సంవత్సరములు పొయ్యికడనుండి అందఱి చుట్టఱికములను తేల్చినయామె తనవంతు వచ్చుసరికి లేకపోయెను. ఆ ప్రకటనకు మేము డబ్బు కట్టవలసివచ్చెను.

ఈ కట్టుబాటును ఒకసారి బ్రద్దలుకొట్టినది సారావ్యతిరేకోద్యమము. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న కూలిస్త్రీలు సారాయంగడిని మూయించిరి. ఉద్యమము జిల్లాలకు ప్రాకెను. ఈనాడు దానికై ప్రత్యేకముగా పుటను కేటాయించెను. ఎవరి భార్యలని కాక, ఎవరి తల్లులని కాక, స్వనామములతో పల్లెస్త్రీలు పత్రికకెక్కిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. నిషేధముల కథ తరువాత ఎట్లు మాఱెనో అందఱెఱుగుదురు. ఆ పేర్లు మాత్రము అచ్చుపడియే యున్నవి, ఎక్కడనైన ఆ కాగితములు మిగిలియున్నచో.

మిగులుటయే కష్టము. వార్తాపత్రిక కాగితము కొలదికాలమునకే పసుపువర్ణమై పొడిపొడిగ రాలును. ఇండ్లలో అది గూళ్లకు పఱపుగను, మిరపకాయబజ్జీల పొట్లముగను తీఱిపోవును. గ్రంథాలయములు చోటుచాలక తూకమునకు అమ్ముచున్నవి. 2000 ఆగస్టు వఱదలలో హైదరాబాదున సుందరయ్య విజ్ఞానకేంద్రమునందలి అమూల్యగ్రంథములే నీట మునిగినవి. మన పెట్టెలలోని ముక్కలకు దిక్కెవరు? 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా విభక్తమై సూర్యాపేట జిల్లా యేర్పడెను. కోదాడ మాతో వచ్చెను, మిర్యాలగూడ నల్లగొండతో నిలిచెను. మేనత్తగారి యూరి వార్తలు అప్పటినుండి మా పుటనుండి తొలగినవి. 2020లో మహమ్మారి పత్రికల పుటలను ఇంకను కుదించెను. ఇప్పుడు పేరుపడిన భాగము చేతిఫోనులో బొమ్మగా వచ్చి, సాయంకాలమునకు నూఱుబొమ్మల క్రింద పడిపోవుచున్నది. మా విద్యార్థులనడిగితిమి; నిరుడు తమ పేరు పడిన పుటను చూపగలిగినవాడు తరగతిలో నొక్కడు.

ఇంకొక పొరపాటు అందఱిండ్లలోను కలదు. మనవారి బొమ్మచుట్టు ఎంతో ముద్దుగా కత్తిరింతురు. పైనున్న తేదీని, పత్రిక పేరును పాఱవేయుదురు. చరిత్ర వ్రాయువాని కంఠమును ఆ కత్తెరతో కోసినట్లే. తేదీలేని ముక్క దొరికినచో వెనుకకు త్రిప్పి చూడవలెను. వెనుకవైపున తెగిన సగము వార్తయో, ధాన్యపు ధరయో కాలమును చెప్పును.

క్రిందటి వేసవిలో మిర్యాలగూడ మేనత్తగారి పెట్టెలో పట్టుచీరమడతనుండి అట్టిముక్క యొకటి బయటపడెను. ముందువైపు సారాయంగడియెదుట స్త్రీల బైఠాయింపు. నలుగురి పేర్లు, వానిలో మేనత్తగారిది మూడవది. వెనుకవైపు సారానిషేధము ఒకటవ తేదీనుండి అమలగునను వార్తలో సగము. కనుక అది 1993 సెప్టెంబరు చివరిదని నిర్ణయించితిమి. మామగారికి ఆ ముక్క సంగతి ఎన్నడును తెలియదట. మేనత్తగారు కండ్లు సరిగా ఆనకపోవుటచే మమ్ము చదువుమనిరి. చదివితిమి. కడపట “తదితరులు” అనగానే ఆమె చేయెత్తి ఆపి, “ఆగు నాయనా, వాళ్ల పేర్లు నేను జెప్త” అని ఒక్కొక్కరినే, ఇంటిపేరుతోను వాడకట్టుతోను, చెప్ప నారంభించిరి. మేము తేదీతో సహా నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. పదునొకండుగురు.