కప్పు లేని కోళ్ల దొడ్డిలో ఏం పరవాలి?

1998లో సైబర్ టవర్స్ తెరవకముందు మాదాపూర్ ఒక పల్లె. ఆనాడు మన పల్లెల్లో కోళ్లు పగలంతా చేల గట్లమీద మేసి, మాపటికి గంప కిందికి చేరేవి. రెట్ట ఒక్కచోట పడేది కాదు గనుక దొడ్డిలో ఏం పరవాలన్న ప్రశ్నే లేదు.

తరువాత షెడ్లు వచ్చాయి. వరి ఊక, వేరుశనగ పొట్టు పరవడం అలవాటైంది. పైన కప్పు ఉండబట్టే ఆ పద్ధతి చెల్లింది.

అదే నగరపు మరో అంచున, రాజేంద్రనగర్‌లో, 1988లో కోళ్ల పరిశోధనా సంస్థ ఏర్పడింది. అక్కడ రూపొందిన వనరాజా, గ్రామప్రియ కోళ్లతో పెరటి పెంపకం మళ్లీ పుంజుకుంది. కాని ఇప్పుడు పెరడు చిన్నది, చుట్టూ కంచె. కొందరు షెడ్డులో మాదిరే ఆరుబయట కూడా ఊక పోస్తారు. తొలకరికి అది నాని బూజు పడుతుంది. కాక్సిడియోసిస్ అనే నెత్తుటి విరేచనాల జబ్బు క్రిమి ఆ తడిలో, వెచ్చదనంలో ఒకటి రెండు రోజుల్లోనే అంటుకొనే దశకు వస్తుంది. కోడిపిల్లలు చూస్తుండగానే పోతాయి.

కనుక ముందు నేలకు వాలు ఇవ్వండి. మన రాతినేలల్లో దొరికే మొరం పరచి, మీద ముతక ఇసుక పోయండి. నీరు దిగిపోతుంది, రెట్ట పైనే ఎండుతుంది. గీకి ఎరువుగుంటకు చేర్చండి. పచ్చిక కావాలా? దొడ్డిని రెండు భాగాలు చేసి మార్చి మార్చి వదలండి. లేకుంటే గరిక కూడా మిగలదు.

కప్పు కింద ఊక, కప్పు లేనిచోట ఇసుక: ఇదే మీరు గుర్తుంచుకోవలసినది.