మామ్మ లెక్క తప్పలేదు



2011లో మా మామ్మ ప్రభువు సన్నిధికి వెళ్లినప్పుడు భూస్థాపన ఆరాధన మేమే జరిగించాము. ఆ సాయంత్రం సంఘపు రిజిస్టరు తెరిచి, మరణాల పట్టికలో ఆమె పేరు రాశాము. పక్క గడిలో వయసు రాయాలి. కలం అక్కడ ఆగిపోయింది. నాన్నగారిని అడిగితే "ఎనభై దాటి ఉంటాయి" అన్నారు. పెద్ద అత్తయ్య "కాదు, తొంభై" అంది. రేషన్ కార్డులో ఒక లెక్క, ఓటరు కార్డులో ఇంకో లెక్క. ఆ గడి ఖాళీగానే ఉంచి రిజిస్టరు మూసేశాము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లండన్ మిషనరీ సొసైటీ నుండి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ గార్లు 1805లో విశాఖపట్నం వచ్చారని మాకు తెలుసు. ఆనందరాయర్ అనే సహోదరుని సహాయంతో తెలుగులోకి వచ్చిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయని తెలుసు. సెమినరీలో పరీక్ష కోసం ఇవన్నీ కంఠతా పట్టాము, సండే స్కూలు పిల్లల చేత అప్పజెప్పించాము కూడా. ఆ దైవజనుల ప్రయాసను స్మరించుకోవలసిందే. కానీ మాకు చేతులు జోడించి ప్రార్థించడం నేర్పిన మనిషి ఏ ఏట పుట్టిందో మాకు తెలియదు.

నిజం చెప్పాలంటే మామ్మ చెప్పకపోవడం వల్ల తెలియక పోలేదు. ఆమె చెప్పింది. మేమే వినలేదు.

మామ్మకు అక్షరాలు రావు. నెలలూ సంవత్సరాలూ అంకెల్లో తెలియవు. ఆమె లెక్క వేరు. "మొదటి ఓడ వచ్చిన ఏడు", "బాంబులు పడిన ఏడు", "ఇందిరమ్మ వచ్చిన ఏడు" అనేది. మేము నవ్వుకునేవాళ్లం. ఆలోచిస్తే ప్రవక్తల లెక్క కూడా అదే కదా! రాజైన ఉజ్జియా చనిపోయిన సంవత్సరంలో తనకు దర్శనం కలిగిందని యెషయా చెప్పాడు. ఆమోసు కాలాన్ని భూకంపానికి రెండు సంవత్సరాల ముందు అని గుర్తు పెట్టారు. జనమంతా ఎరిగిన సంగతి పక్కన తన సంగతి పెట్టి చెప్పడం బైబిలు పద్ధతి. మామ్మ ఆ పద్ధతిలోనే మాట్లాడింది.

ఆమె పుట్టిల్లు విశాఖ పాత నగరంలో. వాళ్ల అయ్య పోర్టు పనిలో మట్టి మోసిన కూలీ. "మొదటి ఓడ ఒచ్చినప్పుడు అయ్య భుజం మీద కూకోని సూసినాను నాయినా. అప్పుడే నా ముందు పన్ను ఊడింది" అనేది. పాత ఓడలను సముద్రంలో ముంచి, అలలు రాకుండా గోడ కట్టారని కూడా చెప్పేది.

సెమినరీ మొదటి సంవత్సరం సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఈ మాట మళ్లీ చెప్పింది. కొత్తగా చదువుకుంటున్న గర్వం మాకు. "ఓడలు ముంచి గోడ కడతారా మామ్మా? కథలు చెప్పకు" అన్నాము. ఇంట్లో అందరూ నవ్వారు. మామ్మ కూడా కొంచెం నవ్వి, చేటలోని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉండిపోయింది. ఆ తరువాత పోర్టు మాట మా దగ్గర ఎత్తలేదు.

ఆమె వెళ్లిపోయాక, ఆ ఖాళీ గడి కోసమే పోర్టు చరిత్ర వెదికాము. విశాఖ పోర్టులోకి మొదటి ఓడ వచ్చింది 1933 అక్టోబరు 7న. దాని పేరు జలదుర్గ. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ పోర్టును లాంఛనంగా ప్రారంభించాడు. పోర్టు కట్టే రోజుల్లో అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడలను నిజంగానే ముంచారు. ఆ వాక్యం చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాము. క్షమాపణ అడగవలసిన మనిషి సమాధిలో ఉంది.

రెండో గుర్తు బాంబులు. "పండగ మర్నాడే పడ్డాయి. పండగ బట్టలు ఇంకా ఉతకనేదు" అనేది. ఏ పండుగ అని మేము ఎన్నడూ అడగలేదు. క్రిస్మస్ అనుకున్నాము. జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6, సోమవారం. పాత క్యాలెండరు చూస్తే ఆ సంవత్సరం పునరుత్థాన పండుగ ఏప్రిల్ 5న వచ్చింది. ఆ ఆదివారమే కొలంబో మీద దాడి జరిగింది. మర్నాడు మన వంతు. చదువు రాని మనిషి డెబ్భై ఏళ్లు మోసిన జ్ఞాపకం ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆ సోమవారం ఊరు ఊరంతా కదిలిపోయింది. నెత్తి మీద మూట, చంకలో తమ్ముడు, ఒంటి మీద పండుగ పరికిణీతో మామ్మ గాజువాక అవతల మేనమామ పల్లెకు నడిచి వెళ్లింది. వాళ్లమ్మ మూటలో బియ్యం కట్టుకుంటే, మామ్మ బైబిలును గుడ్డలో చుట్టి తెచ్చింది. ఇంట్లో అది చదవగలిగింది వాళ్ల అయ్య ఒక్కడే. ఆయన పోర్టు పని వదిలి రాలేకపోయాడు. అయినా తెచ్చింది. మరుసటి వేసవిలో మేనమామ కొడుకుతోనే పెళ్లయి ఆ పల్లెలోనే ఉండిపోయింది.

అక్కడ తాటాకుల ప్రార్థన పాక ఒకటి ఉండేది. దాని ముందు ఊడ్చి కళ్లాపి చల్లడం మామ్మ పని. రాత్రి దీపం దగ్గర పిల్లల చేత వాక్యం చదివించేది. ఎవరైనా నిద్ర మత్తులో ఒక పదం వదిలేస్తే "ఓ మాట మింగేసినావు, మళ్లీ సదువు" అనేది. చదువు రాదు గాని వాక్యం వచ్చు. తరువాత ప్రార్థన. పెద్దవాళ్లతో మొదలుపెట్టి ఇంటిల్లిపాది పేర్లూ ఎత్తేది. తాతయ్యతో గొడవపడి ఇల్లు విడిచిన చిన్నాన్న పేరు ఒక్క రాత్రి కూడా తప్పిపోలేదు. ఏడేళ్ల తరువాత ఆయన తిరిగి వచ్చిన రాత్రి మామ్మ ఏ ప్రశ్నా వేయలేదు, కంచం పెట్టింది. ఆ రాత్రి ప్రార్థనలో కూడా ఆయన పేరు ఎప్పుడూ వచ్చే వరుసలోనే వచ్చిందట.

మూడో గుర్తు ఉక్కు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ 1966లో అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చోవడం, నవంబరు 1న విశాఖలో కాల్పులు జరగడం, ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోవడం మన పెద్దలకు గుర్తే. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేశారు. కర్మాగారం కోసం 20 వేల ఎకరాలకు పైగా భూమి, 64 పల్లెలు ఇవ్వవలసి వచ్చింది. మామ్మ పల్లె వాటిలో ఒకటి. జీడిమామిడి తోట, బావి, ప్రార్థన పాక అన్నీ విడిచి కుటుంబం నిర్వాసితుల కాలనీకి వచ్చింది. రెండోసారి కూడా మామ్మ మూటలో అదే బైబిలు ఉంది.

నాన్నగారికి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. మా చదువు ఆ జీతంతోనే నడిచింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన రోజు ఇంట్లో పాయసం వండారు. మామ్మ కూడా తిన్నది. ఆ పల్లె నేలలో మూడేళ్ల వయసులో జ్వరంతో పోయిన ఆమె కూతురి సమాధి ఉండేదని మాత్రం మాకు చాలాకాలం తెలియదు.

మన ప్రాంతంలో పునరుత్థాన పండుగ నాడు తెల్లవారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాము కదా. మామ్మ తాతయ్య సమాధి మీద ఒకటి వెలిగించి, ఇంకొకటి గోడ మీద పాత పల్లె ఉన్న దిక్కుగా నిలబెట్టేది. అదెందుకని ఒకసారి మాత్రం అడిగాము. "మట్టి అక్కడుంది నాయినా. పిల్ల ఆయన దగ్గరుంది. ఎలుగు మన కోసం" అంది. పునరుత్థానం గురించి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. అంతకంటె సూటిగా ఏనాడూ చెప్పలేకపోయాము.

పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయం అయిదవ వచనంలో తిమోతి విశ్వాసం ముందుగా అతని అవ్వ లోయిలో నివసించిందని గుర్తు చేస్తాడు. క్రొత్త నిబంధనలో అవ్వ అనే మాట వచ్చేది ఆ ఒక్క చోటే. గ్రీకులో ఆ మాట "మమ్మే". సెమినరీలో అది చదివినప్పుడు మా ఇంటి పిలుపులా ఉందే అని నవ్వుకున్నాము. ఇప్పుడు ఆ వచనం దగ్గర నవ్వు రాదు. లోయి ఏ ఏట పుట్టిందో పౌలు రాయలేదు, కానీ ఆమె పేరును జారిపోనివ్వలేదు. చెరసాలలో ఉండి, సమయం దగ్గరపడినవాడు ఒక ముసలమ్మ పేరు రాయడానికి సిరా ఖర్చు చేశాడు.

మా లెక్క ఇలా తేలింది. మొదటి ఓడ నాటికి పాలపళ్లు ఊడుతున్నాయంటే ఆరేళ్లు. బాంబుల నాటికి పదిహేను. అంటే పుట్టింది 1927 ప్రాంతంలో. రిజిస్టరు తీసి ఆ గడిలో "సుమారు 84" అని రాశాము. ఆ లెక్క మాది కాదు, మామ్మ మాకు ఇచ్చి వెళ్లినదే.

ప్రియమైన సంఘమా, ఈ వారం మీ ఇంట్లో పెద్దల దగ్గర కూర్చోండి. "నీకు ఎన్నేళ్లు?" అని అడిగితే వాళ్లు చెప్పలేకపోవచ్చు. "అప్పుడు ఏం జరిగింది?" అని అడగండి. చెప్పినది నమ్మశక్యంగా లేకపోయినా నవ్వకండి. ఒక నోటు పుస్తకంలో రాయండి. రాసినది వచ్చే ఆదివారం తీసుకురండి. సంఘపు రిజిస్టరు వెనుక కొన్ని తెల్ల కాగితాలు కుట్టి ఉంచాము. మిషనరీల పేర్లున్న పుస్తకంలోనే మీ మామ్మల పేర్లూ ఉంటాయి.

వారిలో నివసించిన విశ్వాసం మనలోను, మన పిల్లలలోను నివసించును గాక. ఆమేన్.