నురగ విరిచే మందు

ఆవు కడుపులో గాలి పుట్టని గంట ఉండదు. మేసిన గడ్డి ముందుగా పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, సూక్ష్మజీవుల వాతపడి పులుస్తుంది. వంద లీటర్లకు పైగా పట్టే ఆ సంచిలో గంటకు 30 నుంచి 50 లీటర్ల దాకా బొగ్గుపులుసు వాయువు, మీథేన్ తయారవుతాయి. ఆవు అస్తమానం త్రేన్చుతూ ఆ గాలిని బయటికి వదిలేస్తూ ఉంటుంది. త్రేన్పు ఆగిందంటే ఎడమ డొక్క ఉబ్బుతుంది, తడితే మోగుతుంది. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను అదిమేస్తే కొద్ది గంటల్లోనే పశువు ప్రాణం పోతుంది. ఈ కడుపుబ్బరానికి మనుషులు శతాబ్దాలుగా మందులు పోస్తూనే ఉన్నారు. అందులో ఏది ఎందుకు పని చేస్తుందో తెలిసి మాత్రం ఇంకా వందేళ్లు కాలేదు.

పశువుకు వైద్యం చేయించడం పాలకుడి బాధ్యత అన్న మాట మన నేల మీదే రాతిలో ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కించిన అశోకుడి శాసనాల్లో రెండోది, మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశామనీ, మందుమొక్కలు దొరకని చోటికి వాటిని తెప్పించి నాటించామనీ చెబుతుంది. ఏ జబ్బుకు ఏ మందో అందులో లేదు. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు రోమ్‌లో సేద్యం గురించి రాసిన కొల్యుమెల్లా ఎద్దుల కడుపునొప్పికి చిట్కాలు చెప్పాడు. వాటిలో ఒకటి: నీళ్లలో ఈదే బాతును చూపిస్తే ఎద్దుకు నొప్పి తగ్గుతుందట! గాలి తనంతట తాను వెళ్లిపోయిన ఎద్దులు ఆ బాతుకు ఎంత పేరు తెచ్చిపెట్టాయో మరి.

ఉబ్బరాన్ని పెద్ద సమస్యగా మార్చింది మాత్రం మంచి మేతే. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండ్ రైతులు గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్‌లను వంతులవారీగా వేయడం మొదలుపెట్టారు. క్లోవర్ కాయధాన్యపు జాతి మొక్క. నేలకు నత్రజని ఇస్తుంది, పశువుకు మాంసకృత్తులిస్తుంది. లేత క్లోవర్‌ను ఆబగా మేసిన మంద మాత్రం ఉబ్బి నేలకూలేది. అలాంటప్పుడు ఉన్న దారి ఒక్కటే, డొక్కలో పొడవడం. పదునైన ట్రోకార్‌ను తొడుగు గొట్టంతో సహా ఎడమ డొక్కలోకి దించి, సూదిని లాగేసి గొట్టాన్ని ఉంచేస్తారు. థామస్ హార్డీ 1874 నాటి నవల ‘ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్’లో గాబ్రియేల్ ఓక్ ఈ పనే చేస్తాడు. క్లోవర్ పొలంలో పడి ఉబ్బిన 57 గొర్రెల్లో 49 అతని చేతి పొడుపుతో బతుకుతాయి. కథ కల్పితమే అయినా, డొక్కలో ఎక్కడ పొడవాలో తెలిసిన కాపరికి ఆ కాలపు పల్లెల్లో ఉన్న విలువ నిజమైనదే.

పొడవకుండా నయం చేయాలనుకున్న వాళ్లు గాలినే శత్రువు అనుకున్నారు. బొగ్గుపులుసు వాయువును క్షారం పీల్చుకుంటుందని రసాయనశాస్త్రం తేల్చాక సున్నపు తేట, అమ్మోనియా, సున్నపు క్లోరైడ్ గొట్టాలతో పశువుల గొంతుల్లోకి దిగాయి. లెక్క వేస్తే ఇది నిలిచే వైద్యం కాదు. గంటకు పదుల లీటర్ల గాలి పుట్టే చోట సీసాడు సున్నపు తేట పీల్చేది ఏపాటి? అయినా ఈ మందులు చాలాకాలం నడిచాయి. వాటి పక్కనే ఇంకో జత ఉండేది: టర్పెంటైన్, అవిసె నూనె. ఇది ఎందుకు పని చేస్తుందో చెప్పగలిగిన వారు లేకపోయినా, ఫలితం చూసిన వాళ్లు మాత్రం దీన్ని వదల్లేదు.

చిక్కు విడిపోయింది 1940ల్లో. ఉబ్బి చచ్చిన పశువు పొట్ట కోసి చూస్తే, లేత కాయధాన్యపు మేత తిన్నవాటిలో గాలి విడిగా లేదు. మేతలోంచి వచ్చే మాంసకృత్తులు, సపోనిన్‌ల వల్ల పొట్టంతా జిగట నురగతో నిండి ఉంది. చిన్న చిన్న బుడగల్లో చిక్కుకున్న గాలి త్రేన్పుతో పైకి రాదు, ట్రోకార్ గొట్టంలోంచీ సరిగా రాదు. దక్షిణాఫ్రికాలో ఆర్. క్లార్క్ 1948లో ఈ నురగనే లక్ష్యంగా చూపి, ద్రవం తలతన్యతను మార్చే పదార్థాలే అసలు మందు అన్నాడు. టర్పెంటైన్, నూనెల రహస్యం అక్కడ బయటపడింది. పొంగుతున్న పప్పులో నూనె చుక్క వేస్తే పొంగు ఎలా దిగుతుందో, రూమెన్‌లోనూ అలాగే నూనె బుడగ పొరను చీల్చి గాలిని విడిపిస్తుంది. చిన్న బుడగలు కలిసి పెద్దవవుతాయి, ఆవు త్రేన్చుతుంది.

కారణం తెలిశాక మందుల వెతుకులాట దారి మారింది. మరుసటి ఏడాదే అమెరికాలో సిలికోన్ ద్రవాన్ని పశువులకు ఇచ్చి చూశారు. ఆ కుటుంబానికి చెందిన సిమెథికోన్, డైమెథికోన్‌లే నేటికీ పశువైద్యుడి సంచిలో ఉబ్బరం మందులు. పసిపిల్లల కడుపుబ్బరానికి వేసే చుక్కల మందులోనూ అదే సిమెథికోన్ ఉంటుంది.

క్లోవర్ పచ్చిక మీదే పాడి బతికే న్యూజిలాండ్‌లో ఒక్కో ఆవుకు మందు పోస్తూ కూర్చుంటే కుదరదు. 1950ల్లో రీడ్, జాన్స్ అనే శాస్త్రజ్ఞులు నురగ విరిచే పదార్థాలను వరుసగా పరీక్షించారు. అక్కడి రైతులు నూనెను పచ్చిక మీదే పిచికారీ చేశారు. కొందరు ఆవు డొక్కలకు నూనె పూసి వదిలారు, ఆవు నాక్కుంటే మందు లోపలికి పోతుంది. అదే కాలంలో మిసిసిపీలో బారెంటైన్ బృందం ఇంకో దారి పట్టింది. పెన్సిలిన్ ఇచ్చి, నురగకు తోడ్పడే సూక్ష్మజీవులనే అణచాలని చూసింది. 1956లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు ఆశ కలిగింది కానీ, ఎక్కువ రోజులు వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడిపోయాయి. 1960ల్లో అమెరికాలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్ట్లీ తదితరులు పోలాక్సలీన్ అనే నురగ విరిచే మందును నిలబెట్టారు. దీన్ని దాణాలో కలిపి ముందే తినిపిస్తే, లూసర్న్ అనే కాయధాన్యపు పచ్చిమేత మేసినా నురగ కట్టదు.

తర్వాతి మలుపు కోళ్ల ఫారం వైపు నుంచి వచ్చింది. కోళ్లకు వచ్చే కాక్సీడియోసిస్ జబ్బు కోసం వాడిన మోనెన్సిన్ అనే మందు 1970ల నడిమికల్లా అమెరికా పశువుల దాణాలోకి చేరింది. ఇది రూమెన్‌లోని సూక్ష్మజీవుల పొందికను మార్చి గాలినీ నురగనూ తగ్గిస్తుంది. రూమెన్‌లో నెలల తరబడి నెమ్మదిగా మందు వదిలే గొట్టాలుగానూ దీన్ని తయారుచేశారు. అయితే ఆవుకు మేలు చేసే ఈ మందు గుర్రానికి విషం. ఒకే కొట్టంలో రెండూ ఉంటే దాణా కలిసిపోకుండా చూసుకోవాల్సిందే.

ఇంత దూరం తిరిగాక మన పల్లె వైద్యం మీద గౌరవం పెరగకపోదు. పిల్లిపెసర చేలో పడి మేసిన గేదెకు అరలీటరు వేరుశనగ నూనెలోనో నువ్వుల నూనెలోనో ఇంగువ, వాము కలిపి పోసిన రైతు తెలియకుండానే నురగ విరిచాడు. అందులో ప్రధానమైన మందు నూనె. టర్పెంటైన్ కూడా పని చేసేదే కానీ, ఎక్కువైతే మంట పుట్టిస్తుంది, పాలకు వాసన అంటిస్తుంది. పాత పద్ధతిలోని ప్రమాదం మందులో కన్నా పోసే తీరులో ఉంది. నాలుక పట్టి లాగి, తల బాగా పైకెత్తి గబగబా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉబ్బరం తగ్గినా పశువు న్యుమోనియాతో పోతుంది.

ఇప్పుడు పశువైద్యుడు వస్తూనే నోట్లోంచి రబ్బరు గొట్టం పొట్టలోకి దించి చూస్తాడు. గాలి బుస్సున వచ్చి డొక్క దిగితే అది ఒట్టి గాలి. గొంతులో మామిడి టెంకో దుంపో అడ్డుపడి ఉండొచ్చు, దాన్ని తీస్తే చాలు. గొట్టంలోంచి నురగ మాత్రమే వస్తే అదే గొట్టంలోంచి నూనె గానీ సిమెథికోన్ గానీ పోస్తాడు. పెళ్లింటి అన్నం, పిండి ఎక్కువ తిని ఉబ్బిన పశువు సంగతి వేరు. అక్కడ రూమెన్ ఆమ్లమయమవుతుంది, దానికి వంటసోడా లాంటి క్షారం కావాలి. మూడింటిలోనూ పైకి కనిపించేది ఉబ్బిన డొక్కే. అందుకే పశువు ఏం తిన్నదన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్న.

మందు అక్కర్లేకుండా చేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. కెనడాలో నెమ్మదిగా అరిగే లూసర్న్ రకాన్ని ఎంచి పెంచారు. సెయిన్‌ఫాయిన్ లాంటి కొన్ని కాయధాన్యపు మేతల్లో ఉండే టానిన్‌లు మాంసకృత్తులను పట్టేసి నురగ కట్టనివ్వవు. మన రైతుకు అంతకన్నా చేతికందే జాగ్రత్త ఉంది: లేత లూసర్న్ మీదికో పిల్లిపెసర మీదికో ఖాళీ కడుపుతో తోలకుండా ముందు వరిగడ్డి వేయడం, పచ్చిమేతను మొదటి రోజు కాసేపే మేపి రోజురోజుకూ పెంచడం. దీనికయ్యే ఖర్చు రెండు పనల గడ్డి.