కొలువుకు దూరంగా: తెలుగు కవుల్లో రాజవిముఖత

రాచకార్యాల ఊసే పట్టకుండా బతికే మనిషిని అదృష్టవంతుడిగా చూడటం తెలుగు సాహిత్యంలో చాలా పాత ఆలోచన. సింహాసనం మీద ఎవరు కూర్చున్నారో, ఏ కోట ఎవరి చేతికి చిక్కిందో, ఏ మంత్రికి ఆదరణ తగ్గిందో తెలుసుకోవలసిన అవసరం లేని బతుకే సుఖమని శతకాలు, కీర్తనలు, కవుల గురించిన కథలు పదే పదే చెప్పాయి. ఈ మాట ఎక్కువగా వినిపించింది రాజులకు దూరంగా ఉన్న పల్లెల్లో కాదు. కొలువులో మసలినవారు, కొలువు తలుపు దాకా వెళ్లివచ్చినవారు, రాజు పిలుపు అందుకున్నవారు ఈ మాట అన్నారు. రాజవిముఖత చరిత్ర అంటే చాలావరకు రాజును దగ్గరగా చూసినవారి చరిత్రే.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కృతిసమర్పణ అనే ఆచారం తెలియాలి. పదకొండో శతాబ్దిలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయ మహాభారతాన్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి కావ్యాన్ని అంకితంగా అందుకునే కృతిపతి ఒకరు ఉండటం మర్యాద అయింది. కావ్యం మొదట్లో వచ్చే అవతారికలో రాజు నిండుకొలువులో కవిని పిలిచి కావ్యం కోరడం, ఆ రాజు వంశవర్ణన, ఆయనను స్తుతించే షష్ఠ్యంతాలు, ప్రతి ఆశ్వాసం మొదట్లోనూ చివరా ఆయన సంబోధన ఉండేవి. కొడుకు, చెరువు, గుడి, తోట, నిధి, అగ్రహారాలతో పాటు కావ్యాన్ని కూడా సప్తసంతానాల్లో లెక్కించారు. కావ్యం ఉన్నంతకాలం కృతిపతి పేరు ఉంటుంది. బదులుగా కవికి అగ్రహారం, పల్లకి, గండపెండేరం వంటి గౌరవాలు అందేవి. కావ్యాన్ని కన్యగా, కృతిపతిని అల్లుడిగా భావించడం కూడా ఈ ఆచారంలో భాగమే. అందువల్ల కృతిని మనిషికి ఇవ్వడమా, దేవుడికి ఇవ్వడమా అన్న ప్రశ్న కవి తన బతుకును ఎవరి చేతిలో పెడుతున్నాడన్న ప్రశ్నగా మారింది. మనిషికి ఇవ్వడాన్ని నరాంకితం అన్నారు.

నరాంకితం నుంచి పక్కకు జరిగిన తొలి పెద్దకవుల్లో పదమూడో శతాబ్దికి చెందిన తిక్కన ఒకడు. ఆయన నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి మంత్రి. రాజ్యం పోగొట్టుకున్న మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుడి సాయం అడిగాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. రాచకార్యం ఆయన రోజువారీ పని. తొలి కావ్యం నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికే అంకితమిచ్చాడు. మహాభారతం విరాటపర్వం నుంచి చివరిదాకా రాసినప్పుడు మాత్రం దాన్ని హరిహరనాథుడికి సమర్పించాడు. తండ్రి కొమ్మన కలలో కనిపించి హరిహరనాథుడి కోరిక తెలిపినట్లు అవతారికలో చెప్పుకున్నాడు. తరవాత ఎర్రన హరివంశాన్ని ప్రోలయ వేమారెడ్డికి, నృసింహపురాణాన్ని అహోబల నరసింహుడికి ఇచ్చాడు. ఒకే కవి ఒక చేత్తో రాజును, మరో చేత్తో దేవుణ్ని పట్టుకోగలిగిన కాలం అది.

రాజసేవ వద్దన్న ఆలోచనకు సంస్కృతంలో భర్తృహరి వైరాగ్యశతకం పునాది వేసింది. ధనమదంతో కళ్లు మూసుకుపోయిన ప్రభువుల గుమ్మాల్లో పడిగాపులు పడటం కంటే అడవిలో పళ్లు తిని బతకడం మేలన్న భావం అందులో మళ్లీ మళ్లీ వస్తుంది. పదిహేడో శతాబ్దిలో ఎలకూచి బాలసరస్వతి, పద్దెనిమిదో శతాబ్దిలో ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి శతకాలను తెలుగు చేశారు. జటప్రోలు సంస్థానానికి చెందిన బాలసరస్వతి అనువాదంలో పద్యాలు సురభిమల్లుడనే ప్రభువును సంబోధిస్తూ ముగుస్తాయి. రాజసేవను నిరసించే శతకం కూడా ఒక రాజు పేరుతోనే తెలుగులోకి వచ్చింది. కాగితం, తాటాకు, తిండి, తీరిక అన్నీ కొలువు నుంచే అందే రోజుల్లో విముఖత ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రాజవిముఖతకు తెలుగువారు మొదట చెప్పే పేరు బమ్మెర పోతన. బమ్మెర ఇప్పటి జనగామ జిల్లాలోని పల్లె. పదిహేనో శతాబ్దికి చెందిన పోతన భాగవతాన్ని రాజులకు ఇవ్వకుండా శ్రీరాముడికి అంకితం చేశాడు. నీచులైన రాజులకు కృతినిచ్చి ఊళ్లు, వాహనాలు పుచ్చుకుని, చివరికి యముడి దెబ్బలు తినడం తనకు ఇష్టం లేదన్న అర్థం వచ్చే పద్యం భాగవతం అవతారికలో ప్రసిద్ధం. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతాన్ని తనకు ఇమ్మని అడిగాడని, కాదన్నందుకు ఆ గ్రంథాన్ని పాతిపెట్టించాడని, అందుకే కొన్ని భాగాలు శిథిలమయ్యాయని ఐతిహ్యం. భాగవతంలో కొన్ని స్కంధాలను గంగన, సింగన, నారయ పూర్తిచేయడం మాత్రం సాహిత్యచరిత్రలో స్థిరపడిన విషయమే. సింగభూపాలుడి భోగస్త్రీపై వచ్చిన భోగినీ దండకం కూడా పోతన పేరుమీదే ఉంది. దాని కర్తృత్వంపై పండితుల్లో చర్చ ఉన్నా, పోతన కూడా కొలువు గాలి సోకినవాడేనని సంప్రదాయం నమ్మిందనడానికి అది గుర్తు.

పోతన పక్కన జనం శ్రీనాథుణ్ని నిలబెట్టారు. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు విజయనగరంలో ప్రౌఢదేవరాయల ఎదుట గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి కనకాభిషేకం పొందాడు. 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్డిరాజ్యం కూలాక రాజమహేంద్రవరం చేరి, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. ఆశ్రయమిచ్చిన రాజ్యాలు ఒక్కొక్కటే పోయాక కృష్ణ ఒడ్డున భూమి గుత్తకు తీసుకున్నాడని, పంట ఏటిపాలై పన్ను కట్టలేక అవమానం పాలయ్యాడని ఆయన పేరిట ఉన్న చాటువు చెబుతుంది. శ్రీనాథుడు, పోతన బావామరుదులన్న కథకు చారిత్రక ఆధారం లేదు. అయినా పల్లకిలో వచ్చిన కవిసార్వభౌముడికీ పొలం దున్నుకునే బావకూ మధ్య జరిగినట్లు చెప్పే సంభాషణలను తెలుగువారు తరతరాలు చెప్పుకున్నారు. ఆ కథల్లో గెలుపు ఎప్పుడూ నాగలిదే. రాజకీయాల ఎగుడుదిగుళ్లు తాకని బతుకు మీద సమాజానికున్న ఆశే ఈ జంటను సృష్టించింది.

తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) రాజును కాదన్న తీరు ఇంకా సూటిగా ఉంటుంది. ఆయన మనవడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్ర ప్రకారం సాళువ నరసింహరాయలు అన్నమయ్యను ఎంతో గౌరవించాడు. ఒకరోజు ఆయన పాడిన శృంగార సంకీర్తన విని, తనమీద కూడా అలాంటి పాట ఒకటి కట్టమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజు సంకెళ్లు వేయించగా, వేంకటేశ్వరస్వామిని వేడుకోవడంతో అవి ఊడిపోయాయని ఆ గ్రంథం చెబుతుంది. రాజుతో స్నేహం అన్నమయ్యకు అభ్యంతరం కాలేదు. పాటను రాజుకు అప్పగించడం దగ్గర ఆయన గీత గీశాడు.

సింహాసనం మీద కూర్చున్నవాడే ఈ కోరికను కావ్యంగా మలచిన సందర్భం శ్రీకృష్ణదేవరాయలది. 1509 నుంచి 1529 వరకు పాలించిన రాయలు కళింగ దండయాత్ర దారిలో కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడని అవతారికలో ఉంది. కావ్యాన్ని ఆయన తిరుపతి వేంకటేశ్వరుడికి సమర్పించాడు. అందులో మత్స్యధ్వజుడనే పాండ్యరాజు ఒక రాత్రి వేశ్య ఇంటికి వెళ్తూ, పరలోకం కోసం ముందే సిద్ధపడాలని హెచ్చరించే మాట ఒకటి విని విరక్తుడవుతాడు. వాదంలో గెలిచి రాజ్యం పొందిన యామునాచార్యుడు పాలనలో మునిగిపోయి అసలు సంగతి మరిచిపోతాడు. చివరికి శ్రీరంగనాథుడనే పెన్నిధి గుర్తుకు వచ్చి రాజ్యాన్ని కొడుక్కి అప్పగిస్తాడు. దుర్గాల కాపలా, గూఢచారులు, మంత్రుల ఎంపిక, పన్నుల గురించి ప్రసిద్ధమైన రాజనీతి భాగం ఆ కొడుకుకు చెప్పిన వీడ్కోలు ఉపదేశమే. రాజ్యం ఎలా నడపాలో అంత వివరంగా తెలిసిన రాజు, ఆ తెలివినంతా రాజ్యం వదిలి వెళ్లేవాడి నోట పెట్టాడు.

రాయలు నిజజీవితంలో కూడా ఆ దారి వెతికాడు. 1524లో పసివాడైన కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టాడు. కొద్దికాలానికే ఆ బాలుడు మరణించాడు. విషప్రయోగం జరిగిందన్న అనుమానంతో, తండ్రిలా చూసుకున్న మహామంత్రి తిమ్మరుసు కుటుంబాన్ని రాయలు ఖైదు చేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కావ్యంలో యామునుడికి దొరికిన విడుదల కావ్యకర్తకు దొరకలేదు.

రాయల ఆస్థానకవిగా సంప్రదాయం చెప్పే ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో రాజసేవను తిట్టినంత తీవ్రంగా తెలుగులో మరెవరూ తిట్టలేదు. రాజులు మదించినవారని, వారి కొలువు నరకంతో సమానమని, వారిచ్చే పల్లకులు, గుర్రాలు, ఆభరణాలు తనకు చాలినంత అందాయని, ఇక అవి వద్దని ఆయన శివుడితో మొరపెట్టుకుంటాడు. తలదాచుకోవడానికి గుహలు, దాహానికి సెలయేళ్లు ఉండగా మనుషులు రాజుల దగ్గరకు ఎందుకు పోతారని ఆశ్చర్యపోతాడు. ఈ శతకం బలమంతా అందులోని ఆత్మనిందలో ఉంది. కవి రాజులను తప్పుపట్టినంతగా వారి దగ్గరకు వెళ్లిన తననూ తప్పుపట్టుకుంటాడు. కాళహస్తి గుడిలో పూజచేసిన సాలెపురుగు, పాము, ఏనుగు, చదువురాని తిన్నడు ధూర్జటి మరో కావ్యం శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో మోక్షం పొందుతారు. రాజెవరో తెలియని ఆ ప్రాణులపై కొలువుకవికి ఉన్న ఆరాటం రెండు గ్రంథాల్లోనూ వినిపిస్తుంది.

1565లో విజయనగరం దెబ్బతిన్నాక కొలువులు మారాయి గాని ఆచారం ఆగలేదు. గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చాడు. తంజావూరు నాయకుల కాలంలో రాజునే కావ్యనాయకుడిగా, దైవంతో సమానంగా కీర్తించే ధోరణి పెరిగింది. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కాలంలో కొలువు ఎంత ప్రమాదకరమో కంచర్ల గోపన్న జీవితం చూపింది. భద్రాచలం ప్రాంతంలో రెవెన్యూ అధికారిగా ఉన్న గోపన్న ప్రభుత్వ ధనంతో రామాలయం కట్టించాడన్న నేరానికి కోటలో ఖైదయ్యాడు. ఆయన మేనమామలుగా చెప్పే అక్కన్న, మాదన్నలు రాజ్యంలో అత్యున్నత పదవుల్లో ఉండి 1686లో హతులయ్యారు. మరుసటి ఏడు గోల్కొండ మొఘలుల వశమైంది. రామదాసుగా పేరొందిన గోపన్న జైలునుంచి పాడిన కీర్తనల్లో కొలువు మీద ఆశ కనిపించదు. నగల లెక్క కూడా రాముణ్నే అడుగుతాడు.

కావేరీ తీరంలోని తెలుగు కుటుంబంలో పుట్టిన త్యాగరాజు (1767–1847) ఈ పరంపరకు చివరి శిఖరం. తంజావూరు మహారాజు రెండో శరభోజి కానుకలతో కబురు పంపగా ఆయన తిరస్కరించాడని, ధనమా రాముడి సన్నిధా అని మనసును ప్రశ్నించే కల్యాణి రాగ కీర్తన అప్పుడే పుట్టిందని శిష్యపరంపర చెబుతుంది. 1799 ఒప్పందంతో తంజావూరు పాలన ఈస్టిండియా కంపెనీకి పోయి, శరభోజికి కోట, భరణం మిగిలాయి. తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేస్తూ పాడుకున్న త్యాగరాజుకు ఆ మార్పుతో బతుకు తెరువు చెడలేదు.

ఈ స్వేచ్ఛకు ఒక ఆధారం ఉండేది. పోతనకు పొలం, అన్నమయ్యకు తిరుమల ఆలయం, త్యాగరాజుకు ఊరి గుమ్మాల్లో దొరికే పిడికెడు బియ్యం ఉన్నాయి. సామాన్య రైతుకు అంత వెసులుబాటు లేదు. రాముడు రాజ్యమేలినా రావణుడు రాజ్యమేలినా తమకేమిటన్న సామెత పల్లెల్లో పుట్టినా, శిస్తు వసూలు రూపంలో రాజ్యం ప్రతి ఇంటికీ వచ్చేది. శ్రీనాథుడి చాటువులోని మునిగిన పంట, కట్టలేని పన్ను ప్రతి తరంలోనూ ఎందరో రైతుల కథ. పట్టించుకోకపోవడం కవికి ఆదర్శం కావచ్చు గాని, రైతుకు మాత్రం అది అందని వెసులుబాటు.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ విలువ తలకిందులైంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను, సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. గ్రంథాలయాల్లో పత్రికలు చదివి వినిపించడం వల్ల లోకవ్యవహారాలు చదువురానివారికీ చేరాయి. దేశం సంగతి పట్టకపోవడం ధన్యతగా కాక లోటుగా కనిపించసాగింది. కొలువులు కూడా కరిగిపోయాయి. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి చట్టం జమీందారీలను, హైదరాబాద్‌లో 1949 నాటి ఉత్తర్వు జాగీర్లను రద్దు చేశాయి. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో రాజును ఎన్నుకునే పని ప్రజల చేతికే వచ్చింది.

పోతన పుట్టిన ఓరుగల్లు సీమలోనే ఆ మార్పు స్పష్టంగా కనిపించింది. కాళోజీ నారాయణరావు ప్రజల గొడవనే తన గొడవగా చేసుకున్నాడు. దాశరథి కృష్ణమాచార్య నిజాంను ధిక్కరించి నిజామాబాద్ జైలులో గోడలమీద పద్యాలు రాశాడు. పోతన రాజుకు ముఖం చాటేస్తే, దాశరథి రాజు ముఖం మీదే నిలదీశాడు. కృతిని రాజుకు ఇవ్వకూడదన్న పట్టుదల మాత్రం ఇద్దరిదీ ఒకటే. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాశరథిని ఆస్థానకవిగా నియమించింది. 1983లో ఆ పదవి రద్దయింది. నన్నయతో మొదలైన ఆస్థానకవి పీఠం దాశరథితో ముగిసింది.