పికిల్‌బాల్ మాటలు, వాటి పుట్టుక

పికిల్ అనగానే మనకు ఊరగాయ జాడీ స్ఫురిస్తుంది. ఈ ఆటకు దానితో సంబంధం లేదు. 1965 వేసవిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో, జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే మిత్రులు పెరటిలోని బ్యాడ్మింటన్ కోర్టులో ఇంటివారికి కాలక్షేపం కల్పించబోయారు. తగిన సామగ్రి దొరకక, టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడించారు. తరువాత బార్నీ మెకాలమ్ అనే మిత్రుడు వారితో చేరాడు. పడవ పందేలలో మిగిలిపోయిన తెడ్డువారిని కూర్చిన పడవను 'పికిల్ బోట్' అంటారు. వేర్వేరు ఆటల ముక్కలు కలిసిన ఈ ఆటకు ప్రిచర్డ్ భార్య జోన్ ఆ పేరు తగిలించారట. పెంపుడు కుక్క పేరని మరో కథ ఉన్నది. కుక్క తరువాత వచ్చిందని ప్రిచర్డ్ కుటుంబం చెప్పింది. నాకు పడవ కథే నమ్మదగినదిగా తోస్తుంది.

శ్రీకాకుళం (ఉత్తరాంధ్ర జిల్లా కాదు, ఆంధ్ర మహావిష్ణువు కొలువైన మన కృష్ణాతీర గ్రామం), మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల పెద్దలు ఈ మాటలను బాల్ బ్యాడ్మింటన్‌తో పోల్చి చూసుకుంటే సులువు. పసుపు ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు. 1970లో ఆ ఆటకు అర్జున పురస్కారం అందుకున్న జమ్మలమడక పిచ్చయ్య గారు తెలుగువారే. అక్కడ బంతి నేలను తాకితే ఆట ముగిసినట్టే. కనుక పాత అలవాటున్న చేయి బంతిని గాలిలోనే అందుకోవాలని తహతహలాడుతుంది. గాలిలో కొట్టడాన్ని ఇక్కడ 'వాలీ' అంటారు. సర్వీసు అవతలివైపు ఒకసారి, తిరిగి వచ్చిన బంతి ఇవతలివైపు ఒకసారి నేలను తాకిన తరువాతనే వాలీ చెల్లుతుంది. ఇదే 'రెండు బౌన్సుల నియమం'.

'కిచెన్' అంటే వంటిల్లే! నెట్‌కు ఇరువైపులా ఏడేసి అడుగుల మేర. అందులో అడుగుపెట్టడమే తప్పని కొత్తవారు భ్రమపడతారు. కాదు, అందులో నిలబడి వాలీ కొట్టరాదు, బయట వాలీ కొట్టి ఆ ఊపులో లోపలికి తూలినా తప్పే. పొడగరులు నెట్‌పై పడి బంతిని బాదకుండా పుట్టిన కట్టడి ఇది.

స్కోరు మూడు అంకెలుగా చెబుతారు: మన పాయింట్లు, ఎదుటివారివి, సర్వీసు చేసేది మొదటివారా రెండవవారా అన్నది. మొదట సర్వీసు చేసే జట్టుకు ఒక్కరికే అవకాశం గనుక ఆట '0-0-2'తో మొదలవుతుంది. సాధారణంగా 11 పాయింట్లు, రెండు ఆధిక్యంతో.

కిచెన్ అంచున నిలిచి ఎదుటి కిచెన్‌లోకి బంతిని మెత్తగా దింపడం 'డింక్'. అరవై దాటినవారికి నేను మొదట నేర్చుకోమనేది ఇదే. భయపడమనేది 'లాబ్' గురించి, అనగా తలమీదుగా ఎత్తి వేసిన బంతి. దానిని చూస్తూ వెనుకకు అడుగులు వేసినవారు వెల్లకిలా పడతారు. చేయి ఆనిస్తే మణికట్టు, ఆనించకుంటే తుంటి ఎముకో తలో దెబ్బతింటుంది. ఎముకలు పలుచబడిన వయసులో తుంటి విరిగితే శస్త్రచికిత్స, నెలల మంచం. చెప్పులు వద్దు, పక్కకు కదిలినా జారని కోర్టు బూట్లు ధరించండి. లాబ్ వస్తే శరీరాన్ని పక్కకు తిప్పి నడవండి, లేదా జతగాడికి "నీదే" అని కేకవేసి వదలివేయండి.