తోలులోని ముప్పేట త్రాడు

కృష్ణా డెల్టా పల్లెలలో తోలు పదునుచేయు వృత్తిని మనము తరతరములుగా ఊరి వెలుపలనే ఉంచితిమి. చెప్పులు తొడిగితిమి, మోటబొక్కెన వాడుకొంటిమి. అందలి విద్యను మాత్రము గుర్తింపమైతిమి.

తోలునకు ఆధారము కొల్లాజెన్ అను ప్రోటీను. మదరాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా గార్లు 1954లో దాని నిర్మాణమును వెల్లడించిరి. మూడు పోగులు పెనవేసికొన్న ముప్పేట త్రాటివలె నుండునది. పరీక్షకు వలసిన కొల్లాజెన్ వారికి పొరుగుననే యున్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థనుండి లభించినది. తంగేడు పట్ట ఊరిన నీటిలోని సారము ఈ పోగులను పట్టి బంధించును. కావుననే పచ్చితోలు కుళ్ళును, పదునైన తోలు నిలుచును. మాదిగవాడల పెద్దలు చేతితో నెరిగిన దానికి శాస్త్రజ్ఞులు కారణము చూపిరి.

ఆ సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా నుండిన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతమున యలవర్రులో 1922లో జన్మించిన రైతుబిడ్డ. అమెరికాలో డాక్టరేటు పొంది వచ్చి, ఊరు దూరముంచిన ఈ వృత్తికే తన విద్యను అంకితము చేసిరి. 1985లో విమాన దుర్ఘటనలో అస్తమించిరి.

మన చేతి చర్మమునందును ఆ ముప్పేట త్రాడే యున్నది. వాడవారి చేతికిని మన చేతికిని అందులో భేదము లేదు.